సఖ్యత క్లబ్బులో ఒక్క నల్ల గోళీ

నల్ల గోళీలకు పంది కొవ్వూ మసీ కలిపి పూశాడు అవుగుస్ట్ టిగ్గెస్. మసి కోసం వెతుక్కోనక్కర్లేదు. జర్మనీలో బొగ్గు గనుల ఊరు బోఖుమ్‌లో ఏ కిటికీ అంచు మీద వేలు రాసినా చాలు.

ఆదివారం. చర్చి ఇంకా వదల్లేదు. సఖ్యత క్లబ్బు హాల్లో ఎవరూ లేరు. వంటింట్లోంచి మాంసం ఉడుకుతున్న వాసన వస్తోంది. తెర వెనక బల్ల మీద రెండు గిన్నెలు. ఒకదాన్లో తెల్ల గోళీలు, ఒకదాన్లో నల్లవి. పక్కన తాళం వేసిన పెట్టె.

అవుగుస్ట్ చేతులు కడుక్కుని, కొత్త తెల్ల చేతి తొడుగులు వేసుకుని, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చాడు.

ఆ క్లబ్బు పెట్టింది బొగ్గు గనులు తవ్వించిన తాతలు. కొత్తవాణ్ణి చేర్చుకోవాలంటే సభ్యులు ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్లి పెట్టెలో గోళీ వేస్తారు. తెల్లదంటే రమ్మని. నల్లదంటే వద్దని. ఒక్క నల్లది పడినా అంతే సంగతులు. పెట్టె తెరిచి అధ్యక్షుడు ఒక్కడే చూస్తాడు. నల్లది ఉందో లేదో చెబుతాడు. ఎన్ని ఉన్నాయో చెప్పడు. అడగడం మర్యాద కాదు.

అవుగుస్ట్‌ను ఇప్పటికి రెండుసార్లు కాదన్నారు. ఇవాళ మూడోసారి. ఇప్పుడూ కాదంటే ఇక జన్మలో ఆ గడప తొక్కనివ్వరు. భార్య అడెల్‌హైడ్ బాధ అదే. ఆమె తాత సభ్యుడు, తండ్రి సభ్యుడు, మొగుడు కాడు. వసంతంలో నాట్యం రోజున సభ్యుల భార్యలంతా కింద ఆడుతుంటే ఆమె పై వసారాలో పంతులమ్మల పక్కన కూర్చోవాలి. ఈ ఏడు కూర్చోననీ, కూర్చోబెట్టిన మొగుడితో మాట్లాడననీ తేల్చేసింది.

అవుగుస్ట్ మంచివాడే. ఇనప గొట్టాల కార్ఖానా ఉంది. ఎవరూ అడక్కుండానే మంచి చెబుతాడు. అతిథిగా క్లబ్బుకి వచ్చిన ప్రతిసారీ పొగ పోవాలని కిటికీలన్నీ తెరిచేవాడు. డాక్టర్ వెస్‌హోఫ్‌ని చుట్టలు మానమన్నాడు. అధ్యక్షుడు జడ్జి బ్రింక్‌మన్ని బీరు మానేసి మజ్జిగ తాగమన్నాడు. మామగారు కాస్పర్ ఓవర్‌డిక్‌ని పొద్దున్నే చన్నీళ్లలో ఉత్త కాళ్లతో నడవమన్నాడు. అందరూ ఓపిగ్గా విన్నారు. తానంటే వాళ్లకి ఎంత గౌరవమో అవుగుస్ట్‌కి అప్పుడే అర్థమైంది.

సభ్యుల్లో తనంటే గిట్టనివాడు ఒక్కడే, లోకాంప్. ఊళ్లో రెండో గొట్టాల కార్ఖానా వాడిదే.

అల్లుడి పేరు ప్రతిపాదించేది మామగారే. రెండుసార్లూ నల్లది పడ్డాక ఆయన ఒకటే మాటన్నాడు.

"ఆ లోకాంపే అల్లుడూ. ఇంకెవడుంటాడు? రుజువు దొరకనీ, నేనే మెడబట్టి గెంటిస్తా."

నిబంధన అలాగే ఉంది. వ్యాపార కక్షతో నల్లది వేశాడని రుజువైతే వాణ్ణి తీసేసి మళ్లీ ఓటింగు పెడతారు. రుజువు కోసమే ఈ పూత. ఓటింగు అయ్యాక, గెలిచినా ఓడినా, అభ్యర్థి అందరితో చేతులు కలపాలి. అదీ తెల్ల తొడుగులతో. అరచేతికి మసి అంటితే ఈ ఊళ్లో ఎవడూ పట్టించుకోడు. తెల్ల తొడుగు మీద మాత్రం దాగదు.

చర్చి వదిలింది. సభ్యులు వచ్చారు. ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్లొచ్చారు. అవుగుస్ట్‌ని పక్క గదిలో కూర్చోబెట్టారు. జడ్జి పెట్టె తెరిచాడు. చాలాసేపు లోపలికి చూశాడు. దగ్గాడు. మూత వేశాడు.

అవుగుస్ట్‌ని పిలిచి, నల్లది ఉందని చెప్పాడు.

అవుగుస్ట్ నవ్వు దాచుకున్నాడు. వరస కూడా చూడకుండా తిన్నగా లోకాంప్ దగ్గరికెళ్లి చెయ్యి అందుకున్నాడు. గట్టిగా పిసికాడు. వదిలి తన తొడుగు చూసుకున్నాడు.

మల్లెపువ్వులా ఉంది.

మళ్లీ అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి నలిపాడు. ఏమీ అంటలేదు.

"చెయ్యి నాకు తిరిగి ఇస్తావా, ఉంచుకుంటావా?" అన్నాడు లోకాంప్. తర్వాత గొంతు తగ్గించాడు. "నేను తెల్లదే వేశానయ్యా. మూడుసార్లూ తెల్లదే. రోజూ సాయంత్రం నువ్విక్కడ కూర్చుని కిటికీలు తెరుస్తుంటే నీ కార్ఖానా ఎవడు చూస్తాడు? నాకంతకన్నా ఏం కావాలి?"

ఈలోగా డాక్టర్ వెస్‌హోఫ్ వచ్చి, ఎవడో ఒక్కడు దుర్మార్గుడంటూ ఓదార్చి చెయ్యి కలిపాడు. వదిలాక చూస్తే తొడుగు మీద ఐదు వేళ్లూ నల్లగా దిగాయి.

ఇక తొడుగుతో పని లేకపోయింది. చాచిన ప్రతి అరచెయ్యీ ముట్టుకోకముందే చూశాడు. బ్యాంకు మేనేజరుది నలుపు. గని ఇంజనీరుది నలుపు. స్కూల్లో పక్కన కూర్చున్న నేస్తానిది నలుపు. ఒక్కడి మూలంగా ఇంతమంది మనసు కష్టపడిందని జడ్జి చాలా బాధపడ్డాడు. ఆయనది మరీ నలుపు.

రుజువు దొరికింది. కానీ వీళ్లందర్నీ గెంటిస్తే క్లబ్బులో లోకాంప్ ఒక్కడే మిగులుతాడు.

అవుగుస్ట్ మామగారి కోసం చుట్టూ చూశాడు. ఈ ఊళ్లో తనవాడంటూ ఇంకెవరున్నారు?

ఆయన గది చివర్నించి వస్తున్నాడు. కళ్లు చెమ్మగిల్లాయి.

"బాధపడకు అల్లుడూ. ఆ ఒక్కడెవడో పట్టుకుందాం. నేనున్నాను" అంటూ మామగారు కావలించుకోవడానికి రెండు చేతులూ చాచాడు.

రెండూ నల్లగానే ఉన్నాయి.