గురి తప్పిన గురువు

ఫిరంగి విద్యలో గురువు, డచ్చివాళ్ళ పుస్తకాలన్నీ నమిలి మింగిన పండితుడు రియోసాయి. ప్రభువు ఆజ్ఞ ప్రకారం రేవులోకొచ్చిన పరదేశీ ఓడ మీద ఫిరంగి పేల్చాడు. గుండు నీళ్ళలో పడి చేపల్ని బెదరగొట్టింది. మర్యాద చేశారనుకుందో ఏమో, ఓడ తాపీగా వెళ్ళిపోయింది. ఊరు పగలబడి నవ్వింది.

"కొండంత ఓడండీ! కళ్ళు మూసుకుని రాయి విసిరినా తగిలేది!" అంటూ భార్య ఒషిగె మిసో చారు గిన్నె ఠక్కున పెట్టింది.

రియోసాయి గొంతు తగ్గించాడు. "తగిలితే వాళ్ళ ఫిరంగులు ఊరుకునేవా? ఈపాటికి ఊరు బూడిదయ్యేది. అంత ఓడకి తగలకుండా కొట్టాలంటే ఎంత చదువు కావాలే! ప్రభువుకి తెలిస్తే మాత్రం నా తల ఎగిరిపోతుంది."

మర్నాడు బావి దగ్గర అమ్మలక్కలు నవ్వుతుంటే, అందరికంటే గట్టిగా ఆయన్ని తిట్టిపోసింది ఒషిగే.