ఋషితుల్యమైన మిరపచేను

పోసిన పానకంలో సగం పుచ్చుకుని సగం తిరిగి ఇచ్చే మంగళగిరి నరసింహస్వామి, చెప్పిన మాటలో సగమే విని మురిసిపోయే మనల్నందరినీ చల్లగా చూచుగాక! ఈ కథ వినేవారి చేలు పండుగాక!

విశ్రాంత తెలుగు పండితులు గురునాథంగారికి సూటిగా మాట్లాడడం నామోషీ. కూరలో ఉప్పు తక్కువైందని భార్య శ్యామలాంబగారితో చెప్పడానికి కూడా ముందు సముద్రుణ్ణి స్మరించేవారు.

ఒక ఉదయం రైతు పానకాలు వచ్చాడు.

"పంతులుగారూ, దుర్గాప్రసాద్ అమ్మిన మిరప విత్తనం కాపే రాలేదని మేం పెట్టిన అర్జీ మీద ఇరవయ్యో తారీఖున విచారణ. మొక్కలు పీకేసి శనగ వేసుకున్నాం. ఇక చూసినోళ్ల మాటే సాక్ష్యం. మా చేలు మీరూ చూశారుగా, చూసింది చూసినట్టు నాలుగు ముక్కలు చెప్పండి. వాడి లైసెన్సు పోకపోతే వచ్చే ఏడూ మాకిదే గతి."

"చూసింది చూసినట్టు చెప్పడానికి పంచాయతీ గుమాస్తా చాలడుట్రా? పండితుడన్నవాడు ధ్వనింపజేయాలి."

ధ్వనింపజేసే అవకాశం ఆ సాయంత్రమే పళ్లబుట్టతో గుమ్మం ఎక్కింది. వచ్చినవాడు సాక్షాత్తూ దుర్గాప్రసాద్.

"పర్చూరులో నాకు సన్మానం చేస్తున్నారు గురువుగారూ. సన్మానపత్రం మీరే రాయాలి. మీకు తోచినట్టు రాయండి, అక్షరం మార్చను. కింద మీ సంతకం ఉంటే చాలు."

విత్తనాల సంచులు తప్ప పుస్తకం మొహం చూడని శాల్తీ, అనుకున్నారు గురునాథంగారు. జాలిపడ్డారు. కలం తీశారు.

సభలో ఆయనే స్వయంగా చదివారు.

"తమ విత్తనము నాటిన చేను ఋషితుల్యము, దానికి ఫలాపేక్ష లేదు. తమ మొక్క వినయసంపన్నము. మోకాలు దాటి తల ఎత్తలేదు. తమ దయవలన ఈ ఏడు కోతకూలీలకు ఎండ తగులలేదు. కల్లములు కడిగిన పళ్లెములవలె మెరయుచున్నవి!"

చప్పట్లు మారుమోగాయి. దుర్గాప్రసాద్ చేతిరుమాలులో మొహం దాచుకున్నాడు. భుజాలు అదిరిపోతున్నాయి. ఆనందబాష్పాలు కాబోలు, పాపం!

మెట్ల దగ్గర పానకాలు అడ్డం పడ్డాడు. "ఏందండీ ఇది? మా నోట్లో మట్టికొట్టినోణ్ణి పొగుడుతారా?"

"అది పొగడ్త కాదురా, తిట్టు. పొగుడుతున్నట్టు తిట్టడం. వ్యాజస్తుతి అంటారు."

"తిట్టయితే తిట్టులాగే తిట్టొచ్చుగా పంతులుగారూ!"

గురునాథంగారు చిరునవ్వు నవ్వారు. పామరులకు అలంకారశాస్త్రం అందదని ఆయన ఎరుగనిది కాదు.

ఇరవయ్యో తారీఖున రైతులు తమ గోడు చెప్పుకున్నారు. దుర్గాప్రసాద్ పటం కట్టించిన సన్మానపత్రాన్ని బల్లమీద పెట్టాడు. అధికారి చదివి, సాక్షిగా వచ్చిన గురునాథంగారి వైపు తలెత్తారు.

"ఈ సంతకం మీదేనాండీ?"

"నాదే. అయితే అందులోని స్తుతి నిందాపర్యవసాయి. అనగా..."

"అంటే, మీరు రాసిందానికి మీరు రాసింది అర్థం కాదంటారా?"

"సరిగ్గా గ్రహించారు!" అన్నారు గురునాథంగారు మహదానందంగా.

అధికారి కూడా అంతే ఆనందంగా రాసుకున్నారు: సాక్షి మాటకు నిలకడ లేదు. అర్జీ కొట్టివేయడమైనది.

పానకాలు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. పంతులుగారి వంక చూడకుండానే వెళ్లిపోయాడు.

వరండాలో దుర్గాప్రసాద్ వంగి పాదాలకు నమస్కరించాడు. అలవాటుకొద్దీ గురునాథంగారి చెయ్యి దీవెనకు లేచింది.

"అంతా చదివించుకున్నావు గానీ, నాయనా, నీకు ఒక్క ముక్కయినా బోధపడిందా?"

"సూటిగా తిట్టలేరనీ తిట్టకుండా ఉండలేరనీ తెలిసే కదా గురువుగారూ మీ గుమ్మం ఎక్కింది, పదో తరగతిలో వ్యాజస్తుతికి నేను రాసిన జవాబు క్లాసంతటికీ చదివి వినిపించింది మీరేగా!"