వెనక్కి తీసుకున్న పేపరు

"ఈ పేపరు పక్కన ఎర్రగీత ఏమిటమ్మా?"

డైరెక్టరుగారు బయోడేటా మీద వేలుపెట్టి అడిగారు.

ఎదురుగా కూర్చున్నావిడ జీవకణాల మీద పరిశోధన చేసే మనిషి. ఆ సంస్థలో ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వచ్చింది.

"దాన్ని నేనే వెనక్కి తీసుకున్నానండీ."

"వెనక్కి తీసుకోవడానికి అదేమైనా అరువిచ్చిన గొడుగా?" అన్నాడు పక్కనున్న బట్టతల ప్రొఫెసరు.

అందరూ నవ్వారు.

డైరెక్టరుగారు మాత్రం నవ్వలేదు. ఆయన ప్రాణమంతా జేబులోని ఫోను మీదే ఉంది. తల్లి తర్వాత తల్లిలా పెంచిన అక్కకి పొద్దున్నే రక్తపరీక్ష చేశారు. జబ్బు తిరగబెట్టిందో లేదో ఇవాళ తేలిపోతుంది.

కిందటేడు ఆవిడకి కొత్తమందు ఎక్కిస్తామని ఆశపెట్టి, డాక్టర్లు ఆఖరి నిమిషంలో ఆపేశారు. అప్పుడాయన ఆస్పత్రి దద్దరిల్లేలా అరిచారు. ఎందుకు ఆపారో చెప్పబోతే వినిపించుకోలేదు. పాతమందే అక్కని ఎలాగో గట్టెక్కించింది.

"ఇంతకీ జరిగిన తప్పేమిటి?" అన్నాడు ప్రొఫెసరు.

"నేను పెంచుతున్న కణాల్లో వేరే రకం కణాలు కలిసిపోయాయండీ. అవే పెరిగి, అసలువాటిని లేకుండా చేశాయి. అది తెలీక, పరీక్షలన్నీ వాటి మీదే చేసి రాసేశాను."

"ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరూ పట్టుకోలేదు. నేనే చూసుకున్నాను."

"చూసుకుని?"

"చెప్పేశాను."

ప్రొఫెసరు నెత్తి కొట్టుకున్నాడు.

"ఆ పేపర్ని ఎంతమంది తమ పేపర్లలో ప్రస్తావించారు?"

"వందలమంది."

"మరిప్పుడు?"

"ఒక్కరు కూడా ప్రస్తావించకూడదండీ."

"అయ్యో రామా! నోరు మూసుకుని కూర్చునుంటే ఈపాటికి మా వైపు కుర్చీలో ఉండేవారు కదమ్మా!"

ఆవిడ చేతిలో రుమాలు నలిపింది.

"కూర్చోడానికి వీల్లేకపోయిందండీ."

డైరెక్టరుగారు కాగితాలు తిరగేశారు. మనిషి చెడ్డవాడేం కాదు గానీ, అంకె లేనిదే ఆయన కంటికి మనిషి ఆనడు. ఆ ఎర్రగీత పేపరు తీసేస్తే ఈవిడకి మిగిలినవి చిన్నాచితకా పేపర్లు. వాటిని తలుచుకున్న నాథుడు లేడు. ఈవిణ్ణి తీసుకుంటే పైవాళ్ళు పీక పట్టుకుంటారు.

"సరే, వెళ్ళిరండి."

ఆవిడ లేచింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"మీ అక్కగారు కులాసాగా ఉన్నారా అండీ?"

ఆయనకి ఒళ్ళు మండిపోయింది. అక్క సంగతి ఈవిడకెలా తెలుసు? ఎవరి దగ్గరో కూపీ లాగి మరీ వచ్చిందన్నమాట! అదీ ఇవాళే!

"ఇక్కడ కాకా పడితే ఉద్యోగాలు రావు!"

ఆవిడ ముఖం పాలిపోయింది.

"అందుక్కాదండీ..." అంది. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది.

ఆయన ఆవిడ పేరు కొట్టేశారు. ఆ తర్వాత వచ్చినాయనకి పేపర్లు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. అక్కడికక్కడే ఆర్డరు మీద సంతకం పెట్టి అతని చేతిలో పెట్టేశారు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అక్క గుమ్మంలోనే నవ్వుతూ నిలబడి ఉంది.

"ఏమీ లేదట్రా! ఇంకో ఏడాది దాకా తన గుమ్మం తొక్కొద్దన్నాడు డాక్టరు."

ఆయనకి కళ్ళు చెమ్మగిల్లాయి. కుర్చీలో కూలబడ్డారు.

"ఫోన్ చెయ్యొచ్చుగా అక్కా! పొద్దుట్నుంచీ చచ్చి బతుకుతున్నా. దానికి తోడు ఎవరో ఒకావిడ ఉద్యోగానికొచ్చి, నీ కులాసా అడిగింది."

"ఎవర్రా?"

"ఏవో కణాలావిడలే. రాసిన పేపరు తప్పని తనే చాటింపు వేసుకుందట."

అక్క నవ్వు ఆగిపోయింది.

"నువ్వు నా తమ్ముడివని నేనే చెప్పానురా ఆవిడకి. ఉద్యోగం ఇచ్చావా?"

"ఆవిడకెందుకిస్తాను? వేరేవాళ్ళకి ఇచ్చేశాను. ఏం?"

అక్క మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది.

"ఆస్పత్రిలో నా పక్క మంచం పిల్ల గుర్తుందా? కొత్తమందు ముందు ఆ పిల్లకే ఎక్కించారు."

గుర్తుంది. ఆ పిల్ల ఇంటికి తిరిగి వెళ్ళలేదు.

"మర్నాడు నా వంతు. నర్సు సూది పట్టుకుంది. నువ్వు కింద కాగితాల మీద సంతకాలు పెడుతున్నావు."

"అయితే?"

"ఎన్ని ఉత్తరాలు రాసినా ఎవరూ పట్టించుకోలేదని, ఆయాసపడుతూ వార్డులోకి పరుగెత్తుకొచ్చి, 'ఆపండి, ఈ మందు నా పేపరు నమ్మి చేశారు, నా పేపరు తప్పు' అంటూ ఆ నర్సు చెయ్యి పట్టుకుంది ఆవిడేరా."