ఒక్క వెంట్రుక

"ఒక్క వెంట్రుక చాలు అంకుల్" అంది స్మృతి. "ల్యాబ్‌లో రన్ చేస్తే ఆంటీకి ఈ ప్రాబ్లమ్ ఎప్పుడు స్టార్ట్ అయ్యిందో, ఏ నెలలో ఎలా ఉందో మొత్తం వచ్చేస్తుంది. మీరే కదా నాకు నేర్పించారు!"

హరనాథ్ నేర్పిన మాట నిజమే. అమెరికాలో వాళ్లుండే క్యారీ ఊరి దాపునే ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో ఎలుగుబంట్ల వెంట్రుకలు పరీక్షించడం ఆయన వృత్తి. ఆయన విరమించాక ఆ ప్రయోగశాల శిష్యురాలు స్మృతి చేతికి వచ్చింది. తాళం చెవి ఒకటి మాత్రం గౌరవార్థం ఆయన దగ్గరే ఉంచారు.

ఆయన చెప్పే మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే. తిండి దొరకని జంతువు తన కండనే తాను తింటుంది. అలా తిన్నకొద్దీ ఒంట్లో బరువైన నత్రజని వాటా పెరుగుతుంది. ఎదుగుతున్న వెంట్రుక ఆ మార్పును పొల్లుపోకుండా దాచుకుంటుంది. యంత్రంలో పెట్టి చూస్తే పస్తులున్న నెలలో గ్రాఫు గీత ఎక్కుతుంది, తిన్న నెలలో దిగుతుంది. "ఎలుగుబంటి అబద్ధమాడినా దాని బొచ్చు ఆడదు" అని ముగించేవారు. విద్యార్థులు నవ్వేవారు.

మంచం మీద ఆండాళ్ కళ్లు తెరిచింది. కత్తెర ఎరగని జడ ఆమెది. ఇప్పుడు మనిషి కంటే జడే బరువుగా కనిపిస్తోంది. ఏ పరీక్షలోనూ రోగం దొరకలేదు. ఏది తిన్నా ఇమడడం లేదని హరనాథ్ చెప్పారు, వైద్యులు రాసుకున్నారు.

"అన్నం..." అంది ఆండాళ్.

"చూశావా? ఆ పేరు తలుచుకుంటేనే వికారం" అన్నారు హరనాథ్, భార్య నుదురు నిమురుతూ.

పక్కింటి వసుమతి పెరుగన్నం డబ్బాతో లోపలికి వచ్చింది. ఆయన లేచి డబ్బా అందుకున్నారు.

"వద్దమ్మా. మీరు ప్రేమగా పెడతారు. తరవాత బేసిన్ పట్టుకోవలసింది నేను."

"పోయిన సమ్మర్‌లో మీరు అలాస్కా వెళ్లినప్పుడు వదిన దగ్గర నేనే ఉన్నా కదా అన్నయ్యగారూ. అప్పుడు మరీ ఇంతలా లేదు."

"రోగం పెరిగేదే కానీ తరిగేదా అమ్మా."

వసుమతి కళ్లొత్తుకుంది. ఆయన పలచటి జావ చెంచాతో రెండుసార్లు భార్య నోటికి అందించి, "చాలు, ఇంక పట్టదు" అంటూ మూతి తుడిచారు. ఆండాళ్ నాలుక చెంచా వెంట కొంత దూరం వెళ్లింది.

విరమణ తరవాత కొన్నాళ్లు ఆ ఇంట్లో ఫోన్ మోగడమే గగనమైంది. ఆండాళ్ మంచం పట్టాక అది ఆగింది లేదు. ఉగాది సభలో తెలుగు సంఘం వారు హరనాథ్‌కు శాలువా కప్పారు. "భార్యకు తల్లి అయిన భర్త" అని ప్రత్యేక సంచికలో ఫొటో వేశారు. ఆ పేజీకి చట్రం కట్టించి, వచ్చిన వారికి కనబడేలా, ఆమె తలవైపు గోడకు తగిలించారు.

"సోమవారం వెంట్రుక నేనే తెచ్చిస్తాను తల్లీ. నిద్రపోనీ దాన్ని" అన్నారు స్మృతితో.

ఆదివారం ఉదయం స్మృతికి వసుమతి ఫోన్ చేసింది. "గుడికి రా! అన్నయ్యగారు మొక్కు తీరుస్తున్నారు."

స్మృతి వెళ్లేసరికి ఆండాళ్ చక్రాల కుర్చీలో ఉంది. జడను రెండు చేతులా గుండెకు అదుముకుని ఉంది. పక్కన క్షురకుడు నీళ్ల గిన్నెతో నిలబడ్డాడు.

"నిన్న శనివారం సాయంత్రం మనసులో అనుకున్నాను. ఆండాళ్ కోలుకోవాలని తలనీలాలు ఇస్తానని" అన్నారు హరనాథ్ చుట్టూ ఉన్నవారితో. మొక్కు ఆయనది. తల ఆండాళ్‌ది. ఆమెను అడిగినవారు లేరు.

"కోలుకున్నాక కదండీ ఇవ్వాలి?" అన్నారెవరో.

"దేవుడితో పెండింగ్‌లు పెట్టుకోకూడదు" అన్నారాయన. అందరూ నవ్వారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

"ఆంటీ వద్దంటున్నారు అంకుల్" అంది స్మృతి.

"ఆంటీ కోసమే తల్లీ."

జడ మీద నుంచి ఆమె వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసింది ఆయనే. జడ తెగి పళ్లెంలో పడింది. తల నున్నగా గొరిగి గంధం పూశారు. ఆండాళ్ ఏడవలేదు. ఏడవడానికీ ఒంట్లో ఏదో ఒకటి ఉండాలి.

స్మృతి పళ్లెం వైపు వంగింది. "ఇందులోంచి ఒక్కటి తీసుకుంటా అంకుల్. ప్లీజ్."

"ముట్టుకోకు!" అన్నారు హరనాథ్. వెంటనే గొంతు తగ్గించారు. "ఒకసారి స్వామికిచ్చాక అది మనది కాదు తల్లీ. నువ్వు ఇక్కడే పుట్టి పెరిగావు, నీకు తెలియదులే."

చుట్టూ ఆంటీలు జాలిగా చూశారు. తెలియనిదేదో తాకబోయినట్టు స్మృతి చెయ్యి వెనక్కి తీసుకుంది. "సారీ అంకుల్" అంది.

నేల మీద రాలినవి కూడా ఏరి, పసుపు గుడ్డలో మూటగట్టి, హరనాథ్ స్వయంగా జోర్డన్ లేక్ నీళ్లలో వదిలారు.

కొత్త జుట్టు గింజంత మొలవకముందే ఆండాళ్ పోయింది. సంతాప సభలో వసుమతి మాట పూర్తి చేయలేకపోయింది. "అంకుల్ లాంటి హస్బెండ్‌ని నేనెక్కడా చూడలేదు" అని స్మృతి ఇంగ్లిష్ కలిసిన తెలుగులో చెబుతుంటే హాలంతా లేచి నిలబడింది.

మొక్కుకున్న ఆ శనివారం మధ్యాహ్నం, ఎవరూ లేని ప్రయోగశాలలో, నిద్రపోతున్న ఆండాళ్ తల నుంచి పీకిన ఒక వెంట్రుకను హరనాథ్ తానే యంత్రంలో పెట్టి చూసుకున్నారు. ఆయన సేవ మొదలైన నాటి నుంచి నిటారుగా ఎక్కుతూ వచ్చిన గీత ఒక్కచోటే దిగి మామూలు మనిషి గీత అయింది, ఆయన అలాస్కాలో ఎలుగుబంట్ల వెంట తిరుగుతుండగా వసుమతి ఆండాళ్‌కు అన్నం పెట్టిన ఆ వేసవి దగ్గర.