పైకా, కిందికా?

“ఆ డబ్బా మీద చెయ్యి వేశావంటే ఊరుకోను,” అంది అక్క.

తమ్ముడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇల్లు మారుతున్నారు. కొత్త ఇంట్లో గదులు చిన్నవి. అందుకే పాత సామాన్లు కొనేవాణ్ణి సాయంత్రం రమ్మన్నాడు తమ్ముడు. తుప్పు పట్టిన కుట్టుమిషను, కాలు విరిగిన కుర్చీలు, మూలపడ్డ వీసీఆర్ వరండాలోకి చేరిపోయాయి. ఇక మిగిలింది అక్క బల్ల మీది కంప్యూటరు. ఆమె బడికి వెళ్ళే రోజుల్లో నాన్న కొనిచ్చింది. కీబోర్డు లోపలే కంప్యూటరంతా ఉంటుంది. పక్కన చిన్న టీవీ లాంటి మానిటరు. మీట నొక్కితే కీబోర్డు కిచకిచమంటుంది గానీ తెర మీదికి ఏమీ రావడం లేదు.

“బాగైతే మాత్రం దాంతో నీకేం పనక్కా?”

“నా వస్తువు. సగం పనిచేస్తే నాకు నచ్చదు.”

“దాని బదులు మంచి రేడియో కొనిస్తాలే. ఇలాంటివన్నీ నేను చూసుకుంటాగా!”

ఆ మాటంటేనే అక్కకు ఒళ్ళుమంట. బ్యాంకుకు తనే వెళ్తానంటే, నేను చూసుకుంటా. పిల్లలకు ట్యూషన్లు చెబుతానంటే, ఎందుకక్కా నీకా శ్రమ, నేను చూసుకుంటా. అంతా ప్రేమే, కాదనడానికి లేదు. ఆ ప్రేమ కింద ఆమెకు ఊపిరాడడం లేదు.

“సామాన్లవాడు వచ్చేలోగా దీన్ని బాగుచేస్తాను. చేస్తే ఇది నాతోపాటు వస్తుంది. లేదంటే నువ్వే మోసుకెళ్ళి వాడికిచ్చెయ్.”

“పంతమా?”

“పంతమే.”

కొంగు నడుముకు దోపుకుని మీట నొక్కింది. మానిటరుకు చెవి ఆనించింది. దోమ రొదలాంటి సన్నటి కూత. ముంజేతిని తెర దగ్గరికి పోనిచ్చింది. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

“ప్రాణం ఉంది,” అంది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న మరదలికి ఉత్సాహం ఆగలేదు. “నేనేమైనా చెయ్యనా వదినా?”

“తెర ముందు కూర్చో. నేను వెనక ఉంటా. ఏం కనిపిస్తే అది చెప్పు, ఉన్నదున్నట్టు.”

మానిటరు వెనక వెలుగు పెంచే మర తిప్పింది.

“తెరంతా వెలుగొచ్చింది వదినా! కానీ అక్షరం ముక్క లేదు.”

“అయితే దీనికేం రోగం లేదు. అటునుంచి కబురే అందడం లేదు.”

కంప్యూటరు నుంచి మానిటరుకు వచ్చే వైరును వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చింది. ప్లగ్గు దగ్గర ఆగింది. లోపలి తీగ తెగి, అక్కడ వైరు మెత్తగా మడత పడుతోంది.

“వరండాలో వీసీఆర్‌కి ఇలాంటి వైరే ఉండాలి. పట్రా.”

మరదలు పరుగున తెచ్చింది.

“కరెంటుతో ఆటలొద్దక్కా. జరుగు, నేను పెడతా,” అన్నాడు తమ్ముడు.

“నువ్వే జరుగు. ఇది నా బల్ల.”

మీట ఆపి, పాత వైరు పీకి, తెచ్చినది దూర్చింది. మళ్ళీ మీట నొక్కింది.

“అక్షరాలు!” మరదలు కేక వేసింది. అంతలోనే నీరుకారిపోయింది. “కానీ నిలవడం లేదు వదినా. చకచకా పరుగెడుతున్నాయి.”

“పైకా, కిందికా?”

“పైకి.”

అక్క ఇంకో మర కొద్దిగా తిప్పింది. “ఇప్పుడు?”

“అయ్యో, ఇంకా జోరుగా!”

వీధిలో బండి హారన్ మోగింది. తమ్ముడు నిట్టూర్చాడు.

“వచ్చేశాడు. ఇక చాల్లే అక్కా. నువ్వు చెయ్యగలిగింది చేశావు.”

“వాణ్ణి గుమ్మం దాటనిచ్చావో, నన్ను కూడా ఆ బండి ఎక్కించెయ్!”

ఆ గొంతు విని అతను ఉన్నచోటే ఆగిపోయాడు. అక్క వేళ్ళు మరను రెండోవైపు తిప్పుతున్నాయి.

“ఇప్పుడు?”

“నెమ్మదించింది... ఇంకొంచెం... ఇంకాస్త... ఆగు వదినా, ఆగు! నిలబడ్డాయి!”

తమ్ముడు వచ్చి తెర ముందు వంగాడు. అక్క వెనకనుంచే చేయి చాపి కీబోర్డు తనవైపు లాక్కుంది. టకటకా కొట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు ఒక్కొక్కటే తెర మీద పడ్డాయి. అతను కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

“చూసుకుంటానన్నావుగా, బాగా చూసుకో.”

మరదలు పగలబడి నవ్వింది. అతనికీ నవ్వు ఆగలేదు. బయటికి వెళ్ళి, “అన్నీ తీసుకో, ఆ ఒక్కటీ ఇవ్వం,” అని సామాన్లవాడికి చెప్పి వచ్చాడు.

“గెలిచావక్కా.”

అక్క బల్ల చుట్టూ తిరిగి ముందుకు వచ్చింది. వెచ్చబడ్డ గాజు మీద అరచెయ్యి ఆనించింది.

“నాకు చూపున్న రోజుల్లో ఈ అక్షరాలు చిలకపచ్చగా ఉండేవిరా,” అంది, “ఇప్పుడూ అదే రంగా?”