నలభై నియమాల జట్టు

అడవి పరుగు జట్టుకు నెమలి గురువయ్యాక నియమాలు నలభై అయ్యాయి. పరుగు మాత్రం తగ్గింది. రోజూ ముందు నలభై నియమాలూ అప్పజెప్పాలి. అవి పూర్తయ్యేసరికి ఎండెక్కేది.

నియమం తప్పితే జట్టులోంచి అవుటే. వరుసలో నవ్వినందుకు కుందేలు పోయింది. చెప్పిన వేళకన్నా ముందే వచ్చినందుకు నక్క పోయింది. పదిమంది జట్టు అలా కరిగిపోతుంటే, అందరికన్నా వెనక పరిగెత్తే ముంగిస రాత్రుళ్లు కూడా నియమాలు వల్లెవేసేది. పాపం, దానికి పరుగంటే ప్రాణం.

పోటీనాడు పొద్దున్నే అది నెమలి దగ్గరికి వెళ్లింది. "గురువుగారూ, ఐదుగురు కొండ చేరితేనే జట్టును లెక్కలోకి తీసుకుంటారు. మనం సరిగ్గా ఐదుగురమే మిగిలాం. ఈ ఒక్కరోజూ ఎవర్నీ తీసెయ్యకండి."

నెమలి మెడ నిక్కించింది. "నాకే లెక్కలు చెబుతావట్రా? ముప్పై ఒకటో నియమం ఏమిటి?"

"గురువుకు సలహా ఇవ్వరాదు," అంది ముంగిస నీరసంగా.

"బాగా అప్పజెప్పావు. ఇక ఇంటికి పో."

ముంగిసకు ఇంటికి పోవడానికి మనసొప్పలేదు. కొండ దగ్గర పొదలో కూర్చుని చూసింది. తమవాళ్లు నలుగురూ మొదటి నాలుగు స్థానాల్లో వచ్చారు. ఐదోవాడు లేడు కనుక గెలుపు తాబేళ్ల జట్టుకు దక్కింది.

"ఒక్కడు తక్కువై ఓడిపోయాం గదా, గురువుగారూ!" అని జింక ఏడ్చింది.

"అడక్కుండా నోరెత్తావు. నువ్వూ పో," అంటూ నెమలి పురి విప్పింది.

ఇప్పుడు జట్టులో ముగ్గురే ఉన్నారు. క్రమశిక్షణ మాత్రం అద్భుతంగా ఉందట.