అవతలి గది చేతులు

నెత్తిన వైర్ల టోపీ, కళ్లకు బరువైన అద్దాలు. లిఫ్టు మెకానిక్ మళ్లీ వచ్చి కూర్చున్నాడు. మొదటి రోజు అవతలి గదిలో కూర్చోబెట్టారు, తర్వాత ఇటు మార్చారు. ఎటైతేనేం, ఎనిమిది నెలలుగా అతనికి అన్ని గదులూ ఒకటే.

ఎనిమిది నెలల కిందట లిఫ్టు గోతిలో పడి బావ పోయాడు. పదకొండేళ్లు ఇద్దరూ జంటగా చేసిన పని. ఇతనికి మాత్రం చుక్క కన్నీరు రాలేదు. ఆకలీ లేదు, కోపమూ లేదు. "నువ్వు మనిషివి కాదురా, రాయివి" అని అక్క మొహం మీదే అనేసింది. అయినా ఏమీ అనిపించలేదు.

లిఫ్టు పని ఒంటరిగా అయ్యేది కాదు. ఎవరిని జత చేసినా, ఇతను ఎత్తేసరికి వాళ్లు దించేవాళ్లు. విసిగిపోయిన కంపెనీ ఈ ల్యాబుకి పంపింది. ఈసారీ కుదరకపోతే ఇక లిఫ్టు మొహం చూడక్కర్లేదు, జీవితాంతం గోడౌనే.

పరీక్ష చిన్నదే. అద్దాల్లోంచి చూస్తే ఎదురుగా ఉన్న బల్ల మీద, నిజానికి లేని ఇనుప దూలం ఒకటి కనిపిస్తుంది. రెండో కొస పట్టుకునేది అవతలి గది మనిషి. అతని చేతులకు బదులు నీలం గ్లవుజులే కనిపిస్తాయి. మాట్లాడకూడదు. ఇద్దరూ కలిసి ఎత్తి గాడిలో దించాలి. ఆ సమయంలో ఇద్దరి మెదళ్లలో జరిగేది తెర మీద రెండు గీతలుగా పడుతుంది. గీతలు కలిస్తే జత కుదిరినట్టే. ఇప్పటిదాకా అవి కలిసిన పాపాన పోలేదు.

నీలం గ్లవుజులు వచ్చాయి. దూలం పట్టుకోబోయే ముందు దాన్ని రెండుసార్లు తట్టాయి.

బావ కూడా బరువెత్తే ముందు అలాగే తట్టేవాడు. నేను సిద్ధం, నువ్వో అని దాని అర్థం.

ఎత్తారు. అందరూ తొందరపడే మలుపు దగ్గర ఆ చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఇతనూ ఆగాడు. దూలం గాడిలో చక్కగా కూర్చుంది. రెండోదీ, మూడోదీ అంతే.

అద్దాలు తీసేసరికి చెంపలు తడిగా ఉన్నాయి. ఎప్పుడు ఏడ్చాడో అతనికే తెలియదు.

ల్యాబు అమ్మాయి తెరకేసి అలాగే చూస్తోంది. గీతలు రెండూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని సాగాయి.

"ఆయనెవరమ్మా?" అన్నాడు. "అచ్చం మా బావలాగే తడుతున్నాడు. ఆయన తోడుంటే రేపే పనిలోకి దిగుతాను. ఒక్కసారి చూపించు."

ఆ అమ్మాయి లేచి అవతలి గది తలుపు తీసింది. ఖాళీ కుర్చీ. కొక్కేనికి వేలాడుతున్న టోపీ.

"ఇవాళ మీ జత మనిషి రాలేదండీ, మెషీన్ సరిగ్గా ఉందో లేదో చూద్దామని మొదటి రోజు మీరిక్కడ కూర్చుని చేసిన రికార్డింగే వేశాను, ఆ చేతులు మీవే."